భవన శిల్పి రాబర్ట్ ఆడమ్



ఈ ప్రత్యేక సంచికకు గతించిన ప్రముఖులలో ఒకరి జీవిత విశేషాలు రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శిగారు కోరారు. దేశనాయకులను గురించీ, సంఘ సంస్కర్తలను గురించీ, వాగ్గేయకారులను గురించీ నాకంటే బాగా తెలిసిన మిత్రులు మన సంచికల్లో ఇదివరకే రాశారు. నేను 1973లో రోడ్లు భవనముల శాఖలో గుమాస్తాగా చేరి, 35 ఏళ్లపాటు ఎస్టిమేట్లు, టెండర్లు, బిల్లుల ఫైళ్లతో కాపురం చేసి, 2008లో విశ్రాంతి పొందినవాణ్ణి. ఎన్నో భవనాల పుట్టుకను కాగితాల మీద చూశానే గాని, స్వయంగా ఒక్క ఇటుక పేర్చి ఎరుగను. అందుచేత ఇళ్లు కట్టి పేరు తెచ్చుకున్న ఒక పెద్దమనిషి కథ చెప్పడమే నాకు తగిన పని అనుకున్నాను. ఆయన పేరు రాబర్ట్ ఆడమ్. స్కాట్లండు దేశస్థుడు. ఆయన పోయి 230 ఏళ్లు దాటింది.

ఆయనతో నాకు పరిచయం కలిగిన తీరు ముందుగా మనవి చేస్తాను. మా పెద్దబ్బాయి ఇంగ్లండులో డెర్బీ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. 2017 వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి మూడు నెలలున్నాం. ఒక ఆదివారంనాడు మావాడు ఊరికి నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న కెడల్‌స్టన్ హాల్ అనే భవనం చూపిస్తానని బయల్దేరదీశాడు. అప్పటికి నా మనసేమీ బాగులేదు. కారణం ఇంటి సంగతే.

రిటైరయినప్పుడు చేతికొచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషను, పి.ఎఫ్. సొమ్ము మొత్తం పోసి రాజమండ్రిలో రెండంతస్తుల ఇల్లు కట్టాను. పైన పిల్లలిద్దరికీ చెరొక వాటా, కింద మాకొక వాటా, నలుగురూ వస్తే కూర్చోవడానికి ముందువైపు పెద్ద హాలు. పిల్లలిద్దరూ పైదేశాల్లో స్థిరపడ్డారు. పై వాటాలకు తాళాలు పడ్డాయి. హాల్లో సోఫాల మీద దుప్పట్లు కప్పాం. మేమిద్దరం వంటింటి పక్కగదిలోనే కాలం వెళ్లబుచ్చుతున్నాం. ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటు కొనుక్కోమని పిల్లలు, నా కంఠంలో ప్రాణముండగా అమ్మనని నేను. ఆ ముందురాత్రే ఈ విషయం మీద తండ్రీకొడుకులం మాటా మాటా అనుకున్నాం. అటువంటి మనసుతో ఆ భవనం ముందు కారు దిగాను.

అక్కడ చూసిందీ, తిరిగివచ్చాక గ్రంథాలయాల్లో చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తాపీమేస్త్రీల వంశం

రాబర్ట్ ఆడమ్ 1728 జూలై 3న స్కాట్లండులోని కర్కాడీ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి విలియం ఆడమ్ ఆ రోజుల్లో స్కాట్లండు మొత్తానికీ పేరుమోసిన భవన నిర్మాత. సైనిక శాఖవారి కట్టడాలకు ఆయనే ముఖ్య తాపీమేస్త్రీ. మగపిల్లలు నలుగురు: జాన్, రాబర్ట్, జేమ్స్, విలియం. వీరు కాక ఆడపిల్లలు. అన్నదమ్ములు నలుగురూ చివరిదాకా ఒకరి వ్యవహారంలో ఒకరు చేయి కలిపే బతికారు. ఉమ్మడి కుటుంబం మన సొత్తే అనుకుంటాం గాని, ఆ ఇంటి సంగతి చదివితే మన గోదావరి జిల్లాల ఉమ్మడి వ్యవసాయపు కుటుంబాలే గుర్తుకువస్తాయి.

రాబర్ట్ ఎడిన్‌బరోలో పాఠశాల చదువు ముగించి 1743లో అక్కడి విశ్వవిద్యాలయంలో చేరాడు. 1745లో దేశంలో తిరుగుబాటు రేగింది. దానికితోడు ఆయనకు జబ్బు చేసింది. చదువు సగంలో ఆగింది. తండ్రి ఆఫీసులో చేరి పని నేర్చుకున్నాడు. 1748లో తండ్రి కాలం చేశాక పెద్దన్న జాన్ వ్యాపారం చేతికి తీసుకుని రాబర్ట్‌ను భాగస్వామిగా చేర్చుకున్నాడు. తిరుగుబాటు అణచిన తరువాత ప్రభుత్వం ఉత్తరాన ఫోర్ట్ జార్జ్ అనే పెద్ద కోట కట్టించసాగింది. ఆ కంట్రాక్టు అన్నదమ్ములకు దక్కింది. కోటగోడల దగ్గర ఎండా వానా భరించి, కూలీలతో, కొలతలతో, రాతి లెక్కలతో ఆయన యౌవనం గడిచింది. తరువాతి రోజుల్లో ఎంత సున్నితమైన నగిషీ పని చేసినా, పునాది దగ్గర పొరపాటు చేయకపోవడానికి ఈ అనుభవమే కారణమని నా అభిప్రాయం.

రిటైరయిన చక్రవర్తి ఇల్లు

కంట్రాక్టుల మీద కాస్త డబ్బు కూడాక, 1754లో రాబర్ట్ ఇటలీ ప్రయాణమయ్యాడు. ఆ కాలంలో భవన నిర్మాణం నేర్చుకోదలచినవారు రోముకు వెళ్లి పాత శిథిలాలను కొలతలు తీసి గీసుకోవడం పరిపాటి. 1755 మొదట్లో ఆయన రోము చేరాడు. క్లెరిసో అనే ఫ్రెంచివాణ్ణి గురువుగా కుదుర్చుకున్నాడు. శిథిలాల చిత్రాలు గీయడంలో దిట్ట అయిన పిరనేసితో స్నేహం కలిసింది. రాజధాని ఎడిన్‌బరోలో అప్పటికే పేరున్న కుటుంబంవాడు మళ్లీ బొమ్మలు గీయడం ఓనమాల నుంచి నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

1757లో తిరుగుప్రయాణంలో ఆయన చేసిన ఒక పని మన పెన్షనర్లు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అడ్రియాటిక్ సముద్రతీరంలో, ఇప్పటి క్రొయేషియా దేశంలో, స్ప్లిట్ అనే ఊరుంది. అప్పట్లో స్పలాటో అనేవారు. అక్కడ రోమను చక్రవర్తి డయోక్లీషియన్ తన కోసం కట్టించుకున్న రాజభవనపు శిథిలాలున్నాయి. ఈ చక్రవర్తి క్రీ.శ. 305లో తనంతట తానే సింహాసనం దిగి విశ్రాంతి జీవితం గడపడానికి ఆ ఇంటికి చేరాడు. రోమను చక్రవర్తులలో ఇలా స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసినవారు బహు అరుదు. తిరిగి రాజ్యం ఏలమని కొందరు బతిమాలితే, తన చేత్తో పెంచిన కూరగాయలు చూస్తే ఆ మాట అడగరని జవాబు చెప్పి పంపించాడట. ఆ కాలపు వి.ఆర్.ఎస్. అన్నమాట!

రాబర్ట్ తన గురువునూ ఇద్దరు చిత్తు పటాలు గీసేవాళ్లనూ వెంటబెట్టుకుని అక్కడ అయిదు వారాలు కొలతలు తీశాడు. వెనిస్ ప్రభుత్వం తరఫున ఊరిని ఏలే అధికారికి అనుమానం కలిగింది. కోట రహస్యాలు గీసుకుపోవడానికి వచ్చిన గూఢచారులనుకుని పని ఆపించబోయాడు. వెనిస్ సైన్యంలో ఉన్న ఒక స్కాట్లండు సేనాని అడ్డుపడి ఇబ్బంది తప్పించాడు. ఆ కొలతలతో 1764లో రాబర్ట్ పెద్ద గ్రంథం అచ్చువేశాడు. దేవాలయాలు కాదు, విజయ తోరణాలు కాదు, రోమనులు నివసించే ఇల్లు ఎలా కట్టుకున్నారన్నదే ఆయనకు కావలసింది. తాను కట్టబోయేవి ఇళ్లు గనుక.

కెడల్‌స్టన్

1758 జనవరిలో రాబర్ట్ లండను చేరి కాపురం పెట్టాడు. అక్కచెల్లెళ్లు వచ్చి ఇల్లు చూసుకునేవారు. ఆయన కడదాకా పెళ్లి చేసుకోలేదు. అదే ఏడాది డిసెంబరులో డెర్బీ ప్రాంతపు భూస్వామి సర్ నథానియల్ కర్జన్‌తో పరిచయమైంది. సరిగ్గా ఆ నెలలోనే మన గోదావరి ప్రాంతంలో చందుర్తి దగ్గర ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించారు. ఇక్కడ మన చరిత్ర మారుతున్న రోజుల్లో అక్కడ ఈ ఇంటి కథ మొదలయిందన్నమాట.

కర్జన్‌ల వంశం ఆ గడ్డ మీద కొన్ని వందల ఏళ్ల నుంచీ ఉన్నది. తండ్రి పోయి ఆస్తి చేతికి రాగానే నథానియల్ పాత ఇల్లు పడగొట్టించాడు. ఇంటి ముందరి గ్రామాన్ని మరో చోటికి తరలించాడు. రహదారిని పక్కకు జరిపించాడు. పాత చర్చి ఒక్కటే కదలకుండా మిగిలి, నేటికీ కొత్త భవనానికి ఆనుకుని నిలబడి ఉంది. మా శాఖలో రోడ్డు జరపాలంటే ఎన్ని ఫైళ్లు నడపాలో మీకు తెలుసు. అక్కడ ఒక జమీందారు మాట సరిపోయింది. లేచిపోయిన ఆ ఊరివాళ్లెవరో వారి పేర్లేవీ ఆ ఇంట్లో నాకు కనబడలేదు. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి గనుక చెబుతున్నాను.

ఇంగ్లండులో 1714 నుంచి 1830 వరకు జార్జి పేరుగల రాజులు నలుగురు వరసగా ఏలారు. ఆ కాలపు కట్టడాలను జార్జియన్ భవనాలంటారు. 16వ శతాబ్దంలో ఇటలీలో ఉండిన పల్లాడియో అనే మహాశిల్పి పుస్తకాలు వారికి వాస్తుశాస్త్రం వంటివి. ఇంటి నడుమ గీత గీస్తే ఎడమా కుడీ అద్దంలో చూసినట్టు ఒకటిగా ఉండాలి. ముందు గుడి ముఖమండపంలాగా స్తంభాలూ వాటి మీద త్రికోణపు శిఖరమూ ఉండాలి. గది పొడవుకూ వెడల్పుకూ ఎత్తుకూ ఒక లెక్క ఉండాలి. ఆనాటి పల్లెటూరి జమీందారుల దివాణాలన్నీ ఇంచుమించు ఈ పద్ధతిలోవే.

కెడల్‌స్టన్ పని రాబర్ట్ మొదలుపెట్టింది కాదు. ముందు బ్రెటింగ్‌హమ్ అనే ఆయన, తరువాత జేమ్స్ పెయిన్ అనే ఆయన ప్లాన్లు గీసి పని నడిపించారు. నడుమ పెద్ద భవనం, నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన నడవలు అన్నది ప్లాను. పల్లాడియో పుస్తకంలోని ఒక భవనమే దానికి మూలం. రాబర్ట్‌కు మొదట ఒప్పజెప్పింది తోట పనులు మాత్రమే. వాగును చెరువులుగా మార్చి, దాని మీద మూడు కమానుల వంతెన, ఒడ్డున చేపలు పట్టే మండపం తరువాత ఆయన కట్టినవే. జమీందారు ఇంటి ఆడవాళ్లు ఎండ తగలకుండా ఆ మండపపు కిటికీలోంచి గాలం వేసుకునేవారట. ఆయన పనితనం చూసి 1760లో కర్జన్ ఇల్లు మొత్తం ఆయన చేతిలో పెట్టాడు.

ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరికి అప్పగిస్తే ఏమవుతుందో నేను ఆఫీసులో ఎన్నోసార్లు చూశాను. కొత్తగా వచ్చినవాడు పాతవాడి పని తప్పంటాడు, పడగొట్టమంటాడు, ఎస్టిమేటు పెంచుతాడు. రాబర్ట్ ఆ పని చేయలేదు. ఉత్తరం వైపు పెయిన్ తలపెట్టిన ఆరు స్తంభాల ముఖాన్ని ఇంచుమించు అలాగే ఉంచి, దక్షిణం వైపు మాత్రం తన ఊహ చూపించాడు. అక్కడ రోములోని కాన్‌స్టంటైన్ విజయ తోరణాన్ని తెచ్చి ఇంటికి ముఖంగా అమర్చాడు. నాలుగు స్తంభాలు గోడలోంచి ముందుకు వచ్చి నిలబడతాయి. వెనక గుండ్రని గోపురం కనిపిస్తుంది. ముందువైపు గుడి, వెనకవైపు విజయ తోరణం. ఒకే ఇంటికి రెండు ముఖాలు.

లోపలికి అడుగు పెడితే మార్బుల్ హాల్. దాని నిండా 20 స్తంభాలు. ఒక్కొక్కటి 25 అడుగుల ఎత్తు. అలబాస్టర్ అనే మెత్తని రాయి. గులాబి రంగు మీద గోధుమ రంగు చారలు ఒంట్లో నరాల్లాగా పాకి ఉంటాయి. ఆ రాయి పక్క జిల్లాలో కర్జన్‌ల సొంత భూముల్లోంచే తీశారు. చిత్రమేమంటే ఆ హాలు గోడలకు కిటికీలు లేవు. వెలుతురంతా పైకప్పులోంచే దిగుతుంది.

అక్కడ నిలబడి తలెత్తి చూస్తే నాకు కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు కళ్ల ముందు కనబడింది. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం, వానాకాలంలో మండువాలో పడే నీళ్లు, ఆ వెలుతురులో ధాన్యం చెరుగుతున్న మా నాయనమ్మ. రోమనుల ఇళ్లలో కూడా సరిగ్గా ఇటువంటి మండువాయే ఉండేదట. పైన తెరపి, కింద వాననీటి తొట్టి. రాబర్ట్ ఆ రోమను మండువానే మనసులో పెట్టుకుని ఈ హాలు కట్టాడు. ఆ వెనక ఉన్న గుండ్రని సాలుకు రోములోని పాంథియన్ దేవాలయం ఆదర్శం. దాని గోపురం లోపలి ఎత్తు 62 అడుగులు. అక్కడా వెలుతురు నడినెత్తి నుంచే. ఎక్కడి రోము, ఎక్కడి డెర్బీ, ఎక్కడి కోనసీమ! వానా ఎండా గల ప్రతి దేశంలోనూ మనిషి ఇంటి నడిబొడ్డున ఆకాశాన్ని పెట్టుకోవాలని చూశాడు.

ఈ పని దగ్గరుండి నడిపించినవాడు శామ్యూల్ వయట్ అనే వడ్రంగి. ఆయన హోదా క్లర్క్ ఆఫ్ వర్క్స్. ఆ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది. ఆనాటి పనుల గుమాస్తా నాలాగా కాగితాలకే పరిమితం కాదు. కర్ర, రాయి, కూలీల హాజరు, జీతాలు అన్నీ ఆయనే చూడాలి. ఆ అనుభవంతోనే తరువాత తానూ ఒక భవన శిల్పి అయ్యాడు.

ఇంతకూ ఆ ఇంటివాళ్లు ఎక్కడ ఉండేవారు అని అడిగాను. జవాబు విని ఆశ్చర్యపోయాను. నడుమ ఉన్న ఆ మహా భవనం అతిథుల కోసం, విందుల కోసం, నలుగురూ వచ్చి చూడడం కోసం. కుటుంబం కాపురం చేసేది ఈశాన్యపు మూలనున్న చిన్న భవనంలో. మరో మూలనున్నది వంటశాల. దక్షిణం వైపు కట్టవలసిన మిగతా రెండు చిన్న భవనాలు పునాది కూడా పడలేదు. ఖర్చు చేయి దాటింది. ఇల్లు అలాగే నిలిచిపోయింది. అంత పెద్ద జమీందారూ మాలాగా ఒక పక్కన సర్దుకుని బతికినవాడేనని తెలిసి నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే నవ్వుతోంది.

ఒక తేడా మాత్రం ఉంది. కర్జన్ ఆ పెద్ద గదులకు తాళాలు వేయలేదు. మొదటినుంచీ చూడవచ్చిన బాటసారులకు ఇల్లు తెరిచి చూపించే ఏర్పాటు చేశాడు. గార్నెట్ అనే గృహ నిర్వాహకురాలు చేత పుస్తకం పట్టుకుని వచ్చినవారికి గదిగదీ చూపించేది. పుస్తకంతో నిలబడిన ఆమె చిత్రపటం ఆ ఇంట్లో ఈనాటికీ ఉంది. నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ 1777లో వచ్చి చూసి, ఇది ఊరి టౌనుహాలుకైతే బాగా పనికొస్తుందన్న అర్థంలో చమత్కరించి వెళ్లాడు. ఎగతాళికే అన్నా అందులో నిజముంది.

ఆడమ్ పద్ధతి

కెడల్‌స్టన్‌తో రాబర్ట్ పేరు మారుమోగింది. 1761లో రాజుగారి భవన శిల్పులిద్దరిలో ఒకడిగా నియమితుడయ్యాడు. 1768లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. లండనులో దిగే మనవాళ్లకు హీత్రూ విమానాశ్రయం తెలుసు. దానికి దగ్గరలోనే ఉన్న సయన్, ఆస్టర్లీ భవనాలు, ఉత్తర లండనులోని కెన్‌వుడ్ ఆయన చేయి పడినవే. వీటిలోనూ చాలామటుకు పాత గోడలే. సయన్‌లో ఒక గదికీ పక్క గదికీ నేల ఎత్తు సమంగా లేదు. ఆ లోపాన్ని దాచకుండా, అక్కడ స్తంభాలు నిలిపి, అందమైన మెట్లు కట్టి, అదే ఆ హాలుకు అలంకారమయ్యేటట్టు చేశాడు.

ఆయనకు ముందు సాధారణంగా భవన శిల్పి గోడలు, కప్పు చూసుకుంటే సరిపోయేది. రాబర్ట్ అలా కాదు. సీలింగు మీది సున్నపు లతలు, కింద పరిచే తివాచీ, పొయ్యి చుట్టూ రాతి చట్రం, కుర్చీలు, అద్దాలు, చివరికి తలుపు పిడి కూడా తానే గీసి ఇచ్చేవాడు. సీలింగులో ఉన్న నమూనాయే తివాచీలో కనబడేది. బరువైన అలంకారాలు తీసేసి, సన్నని తీగలు, పూలకుండలు, లేత పచ్చ, లేత నీలం రంగులు తెచ్చాడు. తమ్ముడు జేమ్స్‌తో కలిసి 1773 నుంచి తన భవనాల పటాలు గ్రంథంగా వెలువరించాడు. ఆడమ్ పద్ధతి అన్న పేరు అలా స్థిరపడింది.

అడెల్ఫీ కష్టాలు

ఇతరుల ఇళ్లు కట్టినంతకాలం ఆయనకు ఎదురులేదు. సొంత పెట్టుబడి పెట్టిన పనే ఆయన్ని ముంచబోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన సామెతలో రెండోది ఆయనకు తప్పింది గాని మొదటిది తప్పలేదు.

1768లో అన్నదమ్ములు నలుగురూ కలిసి లండనులో థేమ్స్ నది ఒడ్డున పల్లపు నేల 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నారు. నదివైపు పెద్ద పెద్ద రాతి కమానులు కట్టి నేల ఎత్తు పెంచి, వాటి మీద వరసగా మేడలు లేపాలన్నది ఆలోచన. గ్రీకు భాషలో అన్నదమ్ములనే అర్థం వచ్చేటట్టు ఆ పేటకు అడెల్ఫీ అని పేరుపెట్టారు. కింది కమానుల గిడ్డంగులు మందుగుండు నిలువకు ప్రభుత్వం అద్దెకు తీసుకుంటుందని లెక్క వేసుకున్నారు. నదికి పోటు వచ్చినప్పుడు నీళ్లు లోపలికి వస్తాయని తేలింది. చెమ్మలో మందుగుండు ఎవరు పెడతారు? అద్దె రాలేదు.

అంతలో 1772 జూన్‌లో లండనులో ఒక బ్యాంకు దివాలా తీసింది. స్కాట్లండులో బ్యాంకులు కూలాయి. అప్పు పుట్టడం ఆగిపోయింది. వేలమంది కూలీలకు ఒక్కసారిగా పని పోయింది. అన్నదమ్ములు అప్పుల పాలయ్యారు. చివరికి పార్లమెంటు అనుమతితో లాటరీ పెట్టుకున్నారు. ఒక్కొక్క టిక్కెట్టు 50 పౌన్లు, మొత్తం 4,370 టిక్కెట్లు. బహుమతులు ఆ ఇళ్లే. 1774లో లాటరీ తీశారు. పరువు దక్కింది గాని పాత దర్జా మళ్లీ రాలేదు. లండనులో పెద్ద పనులు తగ్గాయి. కొత్తతరం శిల్పులు ముందుకొచ్చారు. ఇంత కష్టపడి కట్టిన అడెల్ఫీ నడుమ భాగాన్ని 1936లో పడగొట్టారు.

పిల్లల కోసమని, పరువు కోసమని అందినంతా ఇంటి మీద పోసినవాళ్లకు ఈ ఘట్టం వేరే వివరించనక్కరలేదు. నేను చదివేటప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

చివరి రోజులు

కష్టకాలంలో ఆయన్ని ఆదుకున్నది పుట్టిన దేశమే. ఎడిన్‌బరోలో ప్రభుత్వ దస్తావేజులు భద్రపరిచే రిజిస్టర్ హౌస్‌కు 1774లో పునాది పడింది. రికార్డు రూముల్లో జీవితం గడిపిన మనబోటివాళ్లకు ఈ కట్టడం మీద గౌరవం కలగాలి. చిన్నప్పుడు చదువు సగంలో వదిలిన విశ్వవిద్యాలయానికే 1789లో ఆయన కొత్త భవనం మొదలుపెట్టాడు. 1791లో షార్లట్ స్క్వేర్ అనే కూడలికి నమూనా గీశాడు. సముద్రపు కొండ అంచున కల్జీన్ అనే కోట ఆ రోజుల్లోదే. ఇవేవీ పూర్తి రూపంలో ఆయన కళ్లారా చూడలేదు.

1792 మార్చి 3న లండనులోని ఇంట్లో, కడుపులో రక్తనాళం చిట్లి, 63వ ఏట ఆయన కన్నుమూశాడు. చేతిలో పనులుండగానే పోయాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, దేశం గౌరవించే మహాకవుల సమాధుల సరసన, ఆయన్ని పూడ్చారు.

రెండేళ్లకు జేమ్స్ పోయాడు. ఆఖరి తమ్ముడు విలియం 1801లో దివాలా ఎత్తాడు. ఇంట్లో మిగిలిన ఆస్తి రాబర్ట్ ఆఫీసు బొమ్మలే. దాదాపు 9,000 కాగితాలు. వాటిని కొనే నాథుడు చాలాకాలం దొరకలేదు. 1833లో జాన్ సోన్ అనే భవన శిల్పి 200 పౌన్లకు కొని తన మ్యూజియంలో భద్రపరిచాడు. ఆ మ్యూజియం లండనులో నేటికీ ఉంది. ఆడమ్ ఇళ్లు బాగుచేయవలసి వచ్చినప్పుడు ఆ కాగితాలే ఆధారం. ఫైలు పారేయకూడదని మా హెడ్‌క్లర్కుగారు ఊరికే అనలేదు.

కలకత్తాలో

కెడల్‌స్టన్‌లో కట్టకుండా మిగిలిపోయిన ఆ రెండు భవనాల సంగతి ఇక్కడితో ఆగలేదు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ 1799 నుంచి 1803 దాకా కలకత్తాలో తన నివాసం కట్టించాడు. ప్లాను గీసింది చార్లెస్ వయట్ అనే సైనిక ఇంజనీరు. కెడల్‌స్టన్ పనుల గుమాస్తా శామ్యూల్ వయట్‌కు అన్నదమ్ముల బిడ్డ. ఆయన కెడల్‌స్టన్ నమూనానే తీసుకున్నాడు. అక్కడ రెండే కట్టగలిగిన మూలభవనాలు ఇక్కడ నాలుగూ లేచాయి. లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఈ ఖర్చుకు మండిపడ్డారు. జమీందారు సొంత డబ్బుతో పూర్తికాని ఇల్లు మన దేశపు రాబడితో పూర్తయిందన్నమాట.

కెడల్‌స్టన్‌లో 1859లో పుట్టిన జార్జి నథానియల్ కర్జనే మనకు తెలిసిన లార్డ్ కర్జన్. 1899లో వైస్రాయిగా వచ్చి, తన ఇంటి ప్రతిబింబం వంటి ఆ కలకత్తా భవనంలోనే కాపురమున్నాడు. 1905లో బెంగాల్‌ను విభజించి దేశాన్ని రగిలించినవాడూ, 1904లో పురాతన కట్టడాల రక్షణకు చట్టం తెచ్చినవాడూ ఆయనే. 1925లో పోయాక కెడల్‌స్టన్ చర్చిలో పూడ్చారు. మన దేశాల నుంచి ఆయన తీసుకుపోయిన వస్తువులు ఆ ఇంట్లోనే ఒక మ్యూజియంగా ఉన్నాయి. 1987లో ఆ ఇల్లు నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది.

ఇదే కోవకు చెందిన కట్టడం మనకు హైదరాబాదులోనూ ఉంది. కోఠీలో ఎన్నో ఏళ్లు మహిళా కళాశాలగా నడిచిన పాత రెసిడెన్సీ. కర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా నిజాం సొమ్ముతో, శామ్యూల్ రస్సెల్ అనే మద్రాసు ఇంజనీరు ప్లానుతో లేచింది. ఉద్యోగపు పనుల మీద హైదరాబాదు వెళ్లిన రోజుల్లో ఆ ఆరు స్తంభాల ముందునుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను. తలెత్తి చూసి ఎరుగను. డెర్బీ వెళ్లి వస్తే గాని మన ఊళ్లో ఉన్నదేమిటో తెలియలేదు.

మా ఇంటి సంగతి

ఆనాడు కెడల్‌స్టన్ నుంచి తిరిగి వస్తుంటే కారులో మావాడూ నేనూ మళ్లీ ఇంటి ప్రస్తావన తెచ్చుకున్నాం. ఈసారి గొంతులు పెరగలేదు. వాడడిగింది సబబే. ఎవరి కోసం కట్టానో వాళ్లు రానప్పుడు ఆ ఇల్లెందుకు? నేను చెప్పిందీ ఒక్కటే. వాళ్లు రాకపోతే ఇల్లు ఎవరికీ పనికిరాదని ఎందుకు అనుకోవాలి?

ఇండియా వచ్చిన నెలలోనే పై వాటాల తాళాలు తీయించి సున్నాలు వేయించాను. ఒక వాటాలో టీచరు దంపతులు, రెండోదాంట్లో బ్యాంకు ఉద్యోగి కుటుంబం అద్దెకు దిగారు. మెట్ల మీద పిల్లల పరుగులు మళ్లీ వినబడుతున్నాయి. హాల్లో సోఫాల మీది దుప్పట్లు మా ఆవిడే తీసి ఉతికింది. మన శాఖ సంఘపు నెలవారీ సమావేశం ఆ హాల్లోనే జరుగుతున్న సంగతి మీకు తెలిసిందే. ఏటా లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో కళ్లు కనబడని పెద్దలకు అక్కడే కూర్చుని ఫారాలు నింపి పెడుతున్నాను. మా తరువాత ఇల్లు ఉంచుకుంటారో అమ్ముకుంటారో పిల్లల ఇష్టం. ఆ మాట కాగితం మీద కూడా పెట్టి ఇచ్చాను. మావాడు సంతోషించాడు.

రాబర్ట్ ఆడమ్ తన కోసమని ఒక దివాణం కట్టుకోలేదు. ఒకరు మొదలుపెట్టిన ఇళ్లను చక్కదిద్దాడు, తాను మొదలుపెట్టినవి మరొకరికి వదిలి వెళ్లాడు. అయినా ఆయన చేయి పడిన తలుపులు నేటికీ తెరుచుకుంటూనే ఉన్నాయి.

పెద్ద ఇళ్లు కట్టుకుని తాళాలు వేసుకున్న మిత్రులు మన సంఘంలో నేనొక్కణ్ణే కాదని తెలుసు. వారు నొచ్చుకోకుండా ఈ ముసలి గుమాస్తా మాట ఒకసారి ఆలోచించవలసిందని మనవి. ఈసారి సమావేశానికి కుటుంబంతో సహా రండి. హాలు ఖాళీగానే ఉంది, కాఫీ సిద్ధంగా ఉంటుంది.

సెలవు.